మెనహాన్ స్ట్రీట్ బ్యాండ్ లాంటి పాత సౌండ్ రావాలంటే టేప్ మిషన్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు ఐదుగురు కలిసి బ్యాండ్ పెట్టారు: డ్రమ్స్, బేస్, గిటార్, కీబోర్డు, ట్రంపెట్. పాడేవాళ్లు లేరు, అక్కర్లేదనే అనుకున్నారు. మెనహాన్ స్ట్రీట్ బ్యాండ్ వాళ్ల 2008 ఆల్బమ్ విని ఏ 1970 నాటిదో అనుకున్నారు. తర్వాత అది మన కాలం వాళ్లదే అని తెలిసి, అలాంటిది మనమూ చేద్దామని మూడు ట్యూన్లు రికార్డ్ చేసి ఇక్కడ పెట్టారు. డ్రమ్స్‌కి ఆరు మైకులు పెట్టి, క్లిక్ (లెక్క తప్పకుండా హెడ్‌ఫోన్లలో టక్‌టక్ మనే శబ్దం) మీద ఒక్కొక్కరు విడివిడిగా వాయించారు. ఆ పైన టేప్ ప్లగిన్ (కంప్యూటర్లో టేప్ సౌండ్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్), ఎల్‌పీ గరగర ప్లగిన్ వేశారు. అయినా వింటే "యాడ్ వెనకాల వచ్చే మ్యూజిక్‌లా" ఉందంటున్నారు. ఇంకో ప్లగిన్ కొనాలా, లేక నిజం టేప్ మిషనే కొనేయాలా అని అడిగారు.

రెండూ కొనకండి. ఆ డబ్బులో కొంత పెట్టి బేస్ గిటార్‌కి ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండేవి) ఒక సెట్ తెచ్చుకోండి, మిగిలింది దాచుకోండి. ఆ సౌండ్‌లో టేప్‌కీ వాటా ఉంది. కానీ అది వంట అయ్యాక వేసే పోపు లాంటిది. అసలు వంట టేప్ దాకా రాకముందే గదిలో అయిపోతుంది. ఐదుగురూ ఒకే గదిలో ఒకేసారి వాయించడం, వాయిద్యాల మోతని కట్టెయ్యడం, ఒకరికొకరు చోటు వదలడం, ఏది ఎలా వినబడాలో రికార్డ్ బటన్ నొక్కకముందే తేల్చేసుకోవడం. మీరు ఈ నాలుగూ వదిలేసి పోపు ఒక్కటే వేశారు.

నేను బేస్ వాయిస్తాను. ఇరవై రెండేళ్లుగా. సికింద్రాబాద్‌లో ఒక పాత ఇంటి ముందు హాల్లో చిన్న రికార్డింగ్ రూమ్ నడుపుతున్నాను. ఈ రకం సంగీతం మీద పిచ్చితో చాలా డబ్బు, చాలా ఆదివారాలు ఖర్చుపెట్టాను. కింద రాసేదంతా అలా నేర్చుకున్నదే.

ముందు వాళ్లెవరో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు ఆ కథలోనే ఉంది.

న్యూయార్క్ బ్రూక్లిన్‌లో బుష్‌విక్ అనే పేట ఉంది. అక్కడ మెనహాన్ స్ట్రీట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో థామస్ బ్రెనెక్ అనే గిటారిస్టు ఉండేవాడు. 2007లో అతను మొదలుపెట్టిన బ్యాండ్ ఇది, వీధి పేరే బ్యాండ్‌కి పెట్టేశాడు. లియోన్ మైకెల్స్, డేవ్ గై, నిక్ మోవ్‌షన్, హోమర్ స్టైన్‌వైస్ వీళ్లంతా అందులో ఉన్నారు. వీళ్లెవరూ అప్పుడే కలిసినవాళ్లు కాదు. షారన్ జోన్స్ అనే గాయని వెనక వాయించిన డాప్-కింగ్స్, యాంటీబలాస్, బూడోస్ బ్యాండ్, ఎల్ మైకెల్స్ అఫేర్, ఇలా ఒకదాంట్లో ఉన్నవాళ్లు ఇంకోదాంట్లోనూ ఉంటారు. అంటే ఈ ఆల్బమ్ చేసేనాటికే ఒకరి చెయ్యి ఇంకొకరికి బాగా తెలుసు.

వీళ్లందరికీ ఇంటి లాంటిది డాప్‌టోన్ రికార్డ్స్. ఈ రికార్డు కంపెనీని గేబ్రియల్ రాత్, నీల్ షుగర్‌మాన్ కలిసి 2001లో పెట్టారు. అదే బుష్‌విక్‌లో ఒక మామూలు ఇంటిని తీసుకుని, బ్యాండ్ వాళ్లే పనిచేసి స్టూడియోగా మార్చుకున్నారు. ఎనిమిది ట్రాకుల టేప్ మిషన్ మీద రికార్డ్ చేసేవాళ్లు. ఇంగ్లిష్ గాయని ఏమీ వైన్‌హౌస్ 2006 ఆల్బమ్ 'బ్యాక్ టు బ్లాక్' మీకు తెలిసే ఉంటుంది. అందులో చాలా పాటల వెనక ఉన్నది డాప్-కింగ్సే. ప్రపంచమంతా "భలే పాత సౌండ్" అని మెచ్చుకున్న ఆ పాటల్లో కొన్ని ఆ ఇంట్లోనే వాయించారు.

ఇంకో సంగతి. మెనహాన్ స్ట్రీట్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 'మేక్ ది రోడ్ బై వాకింగ్' 2008లో వచ్చింది. దానికి ముందే, 2007లోనే, జే-జీ అనే అమెరికా ర్యాపర్ తన 'రాక్ బాయ్స్' పాటకి ఆ ఆల్బమ్ పేరే ఉన్న ట్యూన్‌లోని హార్న్స్ (ట్రంపెట్, శాక్సోఫోన్ లాంటి ఊదే వాయిద్యాలు) తీసి వాడుకున్నాడు. మామూలుగా హిప్-హాప్ వాళ్లు శాంపిల్ (తమ పాటలో వాడుకోవడానికి ఇంకో రికార్డులోంచి తీసే ముక్క) కోసం ముప్పై నలభై ఏళ్ల కిందటి రికార్డులు తవ్వుతారు. ఇక్కడ తవ్వితే దొరికింది నిన్నటి రికార్డు! పాత సంగీతం మీద బతికే చెవులకి కూడా అది పాతదానితో సమానంగా పనికొచ్చింది. అదీ ఒక అపార్ట్‌మెంట్‌లో మొదలైన పనితో. అందుకే మీకు "పెద్ద స్టూడియో కావాలి" అని నేను ఎప్పటికీ చెప్పను.

టేప్ మిషన్ ఎందుకు వద్దంటున్నాను

నేను కొన్నాను కాబట్టి. మూసేసిన ఒక స్టూడియో నుంచి పాత స్పూల్ మిషన్, దాంతో పాటు ఒక అట్టపెట్టె నిండా వాడిన టేపులు తెచ్చుకున్నాను. మిషన్ విశాఖలో సముద్రానికి దగ్గరలో ఏళ్ల తరబడి ఉంది. శుభ్రం చేసి, ఒక మెకానిక్‌తో బెల్టులు మార్పించి, స్నేహితుల బ్యాండ్‌ని పిలిచాను. మూడో టేక్ మధ్యలో కీచుమని శబ్దం మొదలైంది. ఆపి చూస్తే హెడ్ (టేప్‌ని చదివే, రాసే భాగం) మీద తేనె రంగులో జిగురు పేరుకుని ఉంది, గోటితో గీరితే ముద్దగా వచ్చింది. టేప్ మీద అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే బంక గాలిలో తేమ పీల్చుకుని అలా కారిపోతుంది. 1970, 80లలో తయారైన కొన్ని రకాల టేపులకి ఇది ప్రపంచమంతా ఉన్న జబ్బే. వాటిని తక్కువ వేడి మీద గంటల తరబడి ఆరబెట్టి ఒకటి రెండుసార్లు కాపీ తీసుకుంటారు. అంతకుమించి కొత్త రికార్డింగ్‌కి పనికిరావు. ఆ రోజు ట్రంపెట్ వాయించిన అబ్బాయి చేసిన అద్భుతమైన టేక్ పోయింది. అది ఇప్పటికీ బాధే.

కొత్త టేప్ ఫ్రాన్స్‌లో, అమెరికాలో ఇప్పటికీ తయారవుతోంది. తెప్పించుకోవచ్చు. కానీ ఒక అంగుళం వెడల్పు రీల్ సెకనుకి 15 అంగుళాల వేగంతో పరిగెడితే 2,500 అడుగుల టేప్ అరగంట కాస్త దాటేసరికి అయిపోతుంది. దానికి పెట్టే డబ్బుతో మీరు ఎన్ని రోజులు రిహార్సల్ రూమ్ అద్దెకి తీసుకోవచ్చో లెక్కేసుకోండి.

టేప్ నిజంగా చేసేదేంటంటే, గట్టిగా కొట్టిన దెబ్బల మొనల్ని కాస్త గుండ్రం చేస్తుంది, కింది స్వరాల్లో ఒక చిన్న ఉబ్బు తెస్తుంది, పైన ఉన్న మెరుపుని కొంచెం తగ్గిస్తుంది. ఇది మంచి ప్లగిన్ కూడా చాలావరకు చేస్తుంది, మీ దగ్గరున్నదే చాలు. కానీ టేప్ చేసిన అసలు మేలు వేరే ఉంది. దాంట్లో ఎనిమిది ట్రాకులే ఉంటాయి. డ్రమ్స్‌కి ఒకటో రెండో, బేస్‌కి ఒకటి, గిటార్‌లకి రెండు, ఆర్గన్‌కి ఒకటి, హార్న్స్ అందరికీ కలిపి ఒకటి, తాంబురిన్‌కో కాంగాలకో ఒకటి. అయిపోయింది. "తర్వాత చూద్దాంలే" అనే మాటకి చోటు లేదు. ట్రంపెట్, శాక్సోఫోన్ ఒకే మైకు ముందు నిలబడితే ఎవరు ఎంత దూరంలో ఉండాలో వాళ్లే తేల్చుకోవాలి. మిక్సింగ్ సగం అక్కడే, కాళ్లతో అయిపోతుంది.

మీ కంప్యూటర్లో ఈ పని ఇవాళే చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎనిమిది ట్రాకులు తెరవండి. తొమ్మిదోది తెరవబోమని ఒట్టు పెట్టుకోండి.

డ్రమ్స్ దగ్గరే తొంభై శాతం తప్పు జరుగుతుంది

మీరు పెట్టిన ట్యూన్లలో రెండోది హెడ్‌ఫోన్లలో నాలుగుసార్లు విన్నాను. మీ డ్రమ్మర్ చెయ్యి బాగుంది, ముఖ్యంగా హై-హ్యాట్ (జంట తాళాలు). కానీ కిట్ మొత్తం గుడిగంటలా మోగుతోంది. స్నేర్ (కర్రతో కొట్టే ముఖ్యమైన చిన్న డ్రమ్) కొట్టాక దాని తోక తర్వాతి దెబ్బ దాకా సాగుతోంది. పాత సోల్ (1960, 70ల నాటి అమెరికా నల్లజాతి సంగీతం) రికార్డుల్లో స్నేర్ 'టప్' మని ఆగిపోతుంది. ఆగాక వచ్చే ఆ నిశ్శబ్దంలోనే బేస్ కనబడుతుంది.

ఇంట్లో పాత నూలు తువ్వాలు ఉంటుంది కదా, బాగా ఉతికి మెత్తబడింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి స్నేర్ మీద మూడో వంతు కప్పండి. ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్) మీద ఇంకోటి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) లోపల దిండు, ముందు చర్మానికి తగిలేలా. మెంఫిస్‌లోని స్టాక్స్ అనే రికార్డు కంపెనీలో వాయించిన ఆల్ జాక్సన్ తన పర్సు తీసి స్నేర్ మీద పెట్టి వాయించేవాడని చెప్తారు. పర్సుతో నేనూ చేసి చూశాను. తువ్వాలు కంటే పర్సు బాగుంటుంది, దెబ్బ పడ్డప్పుడల్లా కాస్త ఎగిరి మళ్లీ కూర్చుంటుంది. అందువల్ల దెబ్బ తెరుచుకుని వెంటనే మూసుకుంటుంది.

ఆరు మైకుల్లో నాలుగు తీసెయ్యండి. ఒకటి డ్రమ్మర్ కుడి భుజం పైనుంచి స్నేర్‌ని చూస్తూ, ఇంకోటి కిక్ ముందు ఒక జానెడు దూరంలో. రెండూ కలిపి మోనోలో (రెండు పక్కలా ఒకే శబ్దంగా) ఉంచండి. మొదటిసారి వింటే "ఇంతేనా?" అనిపిస్తుంది, చిన్నగా, ముడుచుకుని ఉంటుంది. మిగతావాళ్లు కలిశాక విని చూడండి. డ్రమ్స్ చిన్నవైతేనే బ్యాండ్ పెద్దదౌతుంది. టామ్‌లు ఎడమ నుంచి కుడికి పరిగెత్తే ఆ వెడల్పాటి స్టీరియో డ్రమ్స్ తర్వాతి తరాల అలవాటు. మీ చెవి దాన్ని వినగానే "ఇది కొత్తది" అని పసిగట్టేస్తుంది, పైన ఎంత గరగర పోసినా లాభం లేదు. అన్నట్టు ఆ గరగర ప్లగిన్ వెంటనే తీసెయ్యండి. డాప్‌టోన్ వాళ్ల రికార్డులు గరగరలాడవు. పాత రికార్డులు కూడా కొన్న రోజున గరగరలాడలేదు.

బేస్

ఇది నా ఇలాకా కాబట్టి కాస్త ఆగుతాను. మోటౌన్ అనే అమెరికా సోల్ కంపెనీ పాటల వెనక ఉన్న జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, బ్రిడ్జ్ (తీగలు కూర్చునే మెట్టు) మూత కింద స్పాంజి పెట్టి, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో వాయించేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. మీ బేస్ మీద ఉన్నవి రౌండ్‌వౌండ్ తీగలు (గరుగ్గా ఉండేవి), వేలు జారినప్పుడల్లా వచ్చే 'జర్' శబ్దం రికార్డింగ్‌లో వినబడుతోంది. ఫ్లాట్‌వౌండ్ మీద చేత్తో నిమిరితే నున్నగా పట్టుతాడులా ఉంటుంది. స్వరం 'డుమ్' మని పుట్టి వెంటనే లోపలికి పోతుంది. స్పాంజికి గిన్నెలు తోముకునేది చాలు, కొత్తది, వేలెడు మందం కోసి బ్రిడ్జ్ దగ్గర తీగల కింద దూర్చండి. టోన్ నాబ్ మూడొంతులు మూసెయ్యండి.

తర్వాత మీ బేస్ వాయించే తమ్ముడికి ఒక మాట నా తరఫున చెప్పండి. స్వరం ఎప్పుడు మొదలుపెట్టాలో అందరూ చూస్తారు. ఎప్పుడు ఆపాలో చూడమనండి. స్నేర్ పడే క్షణానికి ముందే బేస్ నోరు మూసుకుంటే స్నేర్ రెట్టింపు గట్టిగా వినబడుతుంది. ఏ నాబూ తిప్పక్కర్లేదు.

సమం మీద నిలబడటం

ఫంక్ (సోల్ నుంచి పుట్టిన, లయకే పెద్దపీట వేసే సంగీతం) అంటే ముందు గుర్తొచ్చేది జేమ్స్ బ్రౌన్ తన బ్యాండ్‌కి పెట్టిన నియమం: మొదటి దెబ్బ మీద అందరూ ఉండాలి. 1967 'కోల్డ్ స్వెట్' నుంచి అది స్పష్టంగా వినబడుతుంది. మనకి కొత్త కాదు, కచేరీల్లో ఎంత దూరం పోయినా సమానికి (తాళం మొదటి దెబ్బకి) తిరిగి రావడం లాంటిదే. తేడా ఏంటంటే, ఇక్కడ ప్రతి ఆవర్తానికీ అందరూ కలిసి అక్కడ దిగుతారు, మిగతా దెబ్బల్లో ఎవరి తోవ వాళ్లది. గిటార్ ఖాళీలో గీకుతుంది, ఆర్గన్ ఇంకో ఖాళీలో పొడుస్తుంది, ఇద్దరూ ఒకే చోట పడరు.

దీన్ని నాలుగే వాయిద్యాలతో చూడాలంటే న్యూ ఆర్లీన్స్ బ్యాండ్ ది మీటర్స్ 1969 'సిస్సీ స్ట్రట్' వినండి. ఆర్ట్ నెవిల్ ఆర్గన్, లియో నోసెంటెల్లి గిటార్, జార్జ్ పోర్టర్ బేస్, జిగాబూ మోడలిస్ట్ డ్రమ్స్. జిగాబూ వాయించేది సూటిగా పదహారుగా విడగొట్టిన లెక్కా కాదు, పూర్తి ఊపూ (స్వింగ్) కాదు. రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ ఊరి వీధి ఊరేగింపుల బ్రాస్ బ్యాండ్ల నడక అది. క్లిక్ పెట్టుకుని కంప్యూటర్లో సమానంగా గీసిన గ్రిడ్ మీదకి లాగితే చచ్చిపోయేది సరిగ్గా అదే. అందుకే క్లిక్ తీసెయ్యండి. నా రూమ్‌లో ఒక బ్యాండ్ చేసిన ట్యూన్ నిమిషానికి 94 దెబ్బల దగ్గర మొదలై చివరికి 98కి చేరింది. వాయించినవాళ్లకీ తెలియలేదు, విన్నవాళ్లకీ తెలియలేదు. చివర్లో ఎందుకో ఒళ్లు వేడెక్కుతోంది అన్నారు, అంతే.

మీ కీబోర్డు అబ్బాయి గురించి. రెండు చేతులా నాలుగేసి స్వరాల కార్డులు (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) ఆపకుండా పట్టుకున్నాడు. దాంతో గిటార్‌కి చోటు లేదు, ట్రంపెట్‌కి గాలి లేదు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమనండి. కుడిచేత్తో రెండే స్వరాలు. స్టాక్స్‌లో ఆర్గన్ వాయించిన బుకర్ టీ 1962లో 'గ్రీన్ ఆనియన్స్' వాయించింది పెద్ద బీ-3 ఆర్గన్ మీద కూడా కాదు, చిన్న ఎం-3 మీద. మెంఫిస్‌లో స్టాక్స్ వాళ్లు పాత సినిమా హాల్‌ని స్టూడియోగా మార్చిన చోట, కుర్చీల కోసం వేసిన ఏటవాలు నేల అలాగే ఉంచి, అక్కడ వాయించారు. ఆ హాలు మోత ఆ రికార్డుల్లో ఐదో మనిషిలా వినబడుతుంది.

హార్న్స్: పాట లేని చోట పాట ఇదే

మెనహాన్ వాళ్ల గొప్పతనం నా దృష్టిలో ఇక్కడుంది. డ్రమ్స్ బాగా వాయించేవాళ్లు బోలెడుమంది. కానీ వాళ్ల ట్రంపెట్, శాక్స్ వాయించే వరస మీరు స్నానం చేస్తూ కూనిరాగం తీయొచ్చు. నెమ్మదిగా, ఎక్కువగా మైనర్ (విషాదపు ఛాయ ఉన్న) స్వరాల్లో, సినిమాలో హీరో ఊరు వదిలి వెళ్లిపోతున్నప్పుడు వచ్చే బరువు ఉంటుంది. పాడే మనిషి లేడన్న లోటు తెలియదు. ఇంకో రుజువు కావాలంటే, ఈ బ్యాండ్ వాయింపు మీదే చార్లెస్ బ్రాడ్లీ పాడిన 'నో టైమ్ ఫర్ డ్రీమింగ్' 2011లో వచ్చింది. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. అంతకుముందు 'బ్లాక్ వెల్వెట్' అనే పేరుతో జేమ్స్ బ్రౌన్‌ని అనుకరిస్తూ చిన్న చిన్న క్లబ్బుల్లో పాడేవాడు. ఈ ఆల్బమ్‌లో హార్న్స్ ఎప్పుడు మాట్లాడతాయో, ఆయన గొంతు వచ్చాక ఎలా పక్కకి తప్పుకుంటాయో గమనించండి. ఆయన 2017లో పోయారు. ఆయన గొంతు విన్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఇంకో పని చేయబుద్ధి కాదు.

నాకు ఈ పాఠం నేర్పింది మాత్రం బ్రూక్లిన్ కాదు. కొన్నేళ్ల కిందట ఒక ట్యూన్‌కి ట్రంపెట్ కావాల్సి వచ్చింది. అనుకున్న మనిషి రాలేదు. పెళ్లిళ్ల బ్యాండ్‌లో వాయించే ఒకాయన్ని పిలిపించాను. యాభై దాటినాయన, ఎర్ర కోటు సంచిలో పెట్టుకుని వచ్చాడు, సాయంత్రం బరాత్ ఉందని. ట్రాక్ వినిపించాను. పూర్తిగా విని అడిగాడు.

"పాట ఏది సార్? పాట తెలిస్తేనే గదా వాయించేది."

"పాట లేదన్నా. నువ్వు వాయించేదే పాట."

"అట్లయితే మీరు పాడి చూపియ్యండి."

నేను రాసుకున్న వరస పాడబోయాను. పాడలేకపోయాను. కాగితం మీద ఘనంగా ఉన్నది నోటికి రాలేదు. ఆయన ముందు నిలబడి అక్కడికక్కడే సగం స్వరాలు కొట్టేశాను. మిగిలిన ఆరు స్వరాలు పాడితే, ఆయన కళ్లు మూసుకుని విని, ఒక్కసారి పెదవులు తడుపుకుని వాయించాడు. మూడో స్వరం దగ్గర కింద నుంచి చిన్నగా జారుతూ ఎక్కాడు, ఎవరూ చెప్పకుండానే. వరస అయ్యాక ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి ఉన్నంతసేపూ మా గిటార్ గీత ఒక్కటే వినబడింది. ఆ ట్యూన్‌లో అందరికీ నచ్చిన చోటు అదే. రెండో టేక్‌లో అయిపోయింది. బరాత్‌కి టైమవుతోందని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మీ ట్యూన్‌లో 1:10 దగ్గర ట్రంపెట్ మొదలై 2:40 దాకా ఊపిరి పీల్చినట్టే లేదు. వాయించే అబ్బాయికి సత్తా ఉంది, అది దాచక్కర్లేదు. కానీ ముందు ఒక వరస కావాలి, మీ అమ్మగారు రెండుసార్లు వింటే మూడోసారి హమ్ చేసేలాంటిది. దాన్ని అలాగే మూడుసార్లు వాయించనివ్వండి. నాలుగోసారి ఒక్క స్వరం మార్చమనండి. సోలో ఆ తర్వాత. శాక్సోఫోన్ వాయించే స్నేహితుడు దొరికితే ఇద్దర్నీ ఒకే మైకు ముందు, ఒకే వరసని, ఒకే స్థాయిలో వాయించమనండి. ఇద్దరి శ్రుతి మధ్య వెంట్రుకవాసి తేడా వస్తుంది. దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దు. ఆ తేడాయే నిండుదనం.

జాగ్రత్తలు రెండు మూడు

అందరూ ఒకే గదిలో వాయిస్తే ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి పోతుంది. దానికి భయపడకండి, కావాల్సింది అదే. కాకపోతే ఎవరు తప్పు వాయించినా అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించాలి. కాబట్టి రిహార్సల్ పూర్తికాకుండా రికార్డింగ్‌కి కూర్చోవద్దు. నా పద్ధతి: ఒక ట్యూన్‌ని బయట పదిసార్లు జనం ముందు వాయించాకే మైకు పెడతాను.

గది మరీ మోగుతుంటే (మన ఇళ్లలో గ్రానైట్ నేల, ఒట్టి గోడలు, ఖాయంగా మోగుతుంది) డ్రమ్స్ కింద మందపాటి రగ్గు వెయ్యండి, గిటార్ యాంప్ చుట్టూ పరుపులు నిలబెట్టండి. బొంతలైతే ఇంకా మంచిది. గుడ్ల అట్టలు అంటించకండి, వాటివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఏసీ ఆపండి, ఫ్యాన్ ఆపండి. చెమటలు పడతాయి, పట్టనివ్వండి.

మిక్స్‌లో డ్రమ్స్, బేస్ మధ్యలో. గిటార్ పూర్తిగా ఒక పక్క, ఆర్గన్ పూర్తిగా ఇంకో పక్క. స్ప్రింగ్ రివర్బ్ (గది మోతలాంటి ప్రతిధ్వని) ఒక్కటే, అందరికీ అదే. చివర్లో లిమిటర్ (పెద్ద శబ్దాల్ని అణిచి మొత్తాన్ని గట్టిగా చేసేది) వేసి గోడలా పైకి తోసెయ్యకండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య లోయ ఉండాలి, ఇందాకటి నుంచి కష్టపడింది దానికోసమే.

ఇంకొకటి, ఇది మనసులో మాట. అచ్చం 1969లా చెయ్యాలని పంతం పట్టకండి. ఆ బ్రూక్లిన్ వాళ్లే పట్టలేదు. ఎల్ మైకెల్స్ అఫేర్ 2009లో వూ-టాంగ్ క్లాన్ హిప్-హాప్‌ని తీసుకుని వాయిద్యాలతో ఆల్బమ్ చేసింది. అదే లియోన్ మైకెల్స్ 2021లో 'యెటీ సీజన్' చేశాడు. దాంట్లో టర్కీ పాటల నీడా ఉంది, మన హిందీ సినిమా పాటల నీడా ఉంది. పియా మాలిక్ అనే గాయని కొన్ని పాటలు హిందీలో పాడింది. న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్లు మన వైపు చెయ్యి చాపుతుంటే, ఇళయరాజా గారి బేస్ వరసలు చెవుల్లో పెట్టుకుని పెరిగిన మనం అవి మరిచిపోయి అమెరికాలో పుట్టినట్టు నటించడం ఎందుకు? మీ మూడో ట్యూన్‌లో గిటార్ వాయించిన చిన్న ముక్క ఒకటుంది, రెండో నిమిషం దగ్గర, మన పాత సినిమా ఇంటర్‌లూడ్‌లా. మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. దాన్నే హార్న్ వరసగా మార్చి చూడండి.

సరే, వచ్చే ఆదివారానికి పని: ట్రంపెట్ లేకుండా మిగతా నలుగురు కూర్చోండి. రెండు మైకులు డ్రమ్స్‌కి, తువ్వాలు, దిండు, క్లిక్ లేదు. ఒకే కార్డు మీద పది నిమిషాలు ఏమీ మార్చకుండా వాయించండి. ఏడో నిమిషం దాటాక చేతులు వాటంతట అవే తగ్గి వాయించడం మొదలుపెడతాయి. ఆ చివరి మూడు నిమిషాలు, ప్లగిన్ ఒక్కటీ వెయ్యకుండా, ఇక్కడే కింద పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటాను, విని ఏం మార్చాలో రాస్తాను. ఫ్లాట్‌వౌండ్ తీగలు దొరక్కపోతే అదీ చెప్పండి. నా దగ్గర వాడి తీసిన సెట్ ఒకటుంది. వాడినవైతే ఇంకా మంచిది, కొత్తవాటికి ఉండే మెరుపు పోయి ఉంటుంది.